కాగితం మీద రెండు నెలలు

మా అమ్మాయికి ఫుట్‌బాల్ పిచ్చి పట్టించింది ఒక జపాన్ కార్టూన్. తెలుగు డబ్బింగ్‌తో టీవీలో వచ్చేది. పిల్లలంతా ఒక టీమై పెద్ద కప్పు గెలవాలని కలలు కనే కథ. అందులో తన్నిన బంతి గోల్‌పోస్టు చేరడానికి సగం ఎపిసోడ్ పట్టేది.

"గా బంతి దిగేలోపు నేను కర్మన్‌ఘాట్ పోయొస్తా" అని ఎగతాళి చేసేవాణ్ని.

"నీకు తెల్వదు డాడీ, జర చుప్ ఉండు" అనేది.

రెండేళ్లు అపార్ట్‌మెంట్ సెల్లార్ గోడకు బంతి తన్ని, వాచ్‌మన్‌తో తిట్లు తిని, చివరికి ఎల్‌బీ నగర్ దగ్గర గ్రౌండ్‌లో కోచింగ్‌కు చేరింది. కోచ్ గుంటూరు వైపు మనిషి. ఈ ఏడు పన్నెండేళ్లలోపు పిల్లల సెలక్షన్లు పెట్టినప్పుడు, "మీ పాప ఎడమకాలు బంగారమండీ, తీసుకురండి" అన్నారు.

ఆ రోజు లైన్లో మా వంతు వచ్చింది. కోచ్ ఆధార్ చూసి ఆగిపోయారు.

"పాప డిసెంబర్లో పుట్టిందాండీ? జనవరి ఒకటి తర్వాత పుట్టినవాళ్లనే తీసుకుంటారు కదండీ."

"లే సార్, ఫిబ్రవరిల పుట్టిన. మా డాడీని అడుగుండ్రి" అంది అమ్మాయి.

అది నిజం. ఎల్‌కేజీలో చేర్చడానికి జూన్ నాటికి మూడున్నరేళ్లు నిండాలన్నారు. రెండు నెలలు తక్కువైంది. ఒక ఏడు దండగవుతుందని, బర్త్ సర్టిఫికెట్ పోయిందని అఫిడవిట్ రాయించి డిసెంబర్ వేయించాను. ఆధార్ కూడా అట్లాగే తీయించాను. మావాళ్లలో చాలామంది చేసే పనే కాబట్టి తప్పనిపించలేదు.

వెనక నిలబడ్డ తండ్రి ఒకాయన, "పిల్ల పొట్టిగున్నదని వయసు తగ్గిస్తున్నవా అన్నా?" అన్నాడు. అందరూ నవ్వారు.

"ఆధార్ల ఉన్నదే నిజం సార్. పిల్లకు తెల్వక చెప్తున్నది" అన్నాను.

దిల్‌సుఖ్‌నగర్‌లోని ఇంటికి వస్తుంటే బండి మీద నన్ను పట్టుకోలేదు. వెనక కడ్డీ పట్టుకుని కూర్చుంది. సిగ్నల్ దగ్గర అడిగింది: "నేను అబద్ధం చెప్పిన్నా డాడీ?"

గ్రీన్ పడింది, బండి పోనిచ్చాను.

మరునాటి నుంచి తేదీ సరిచేయించడానికి తిరిగాను. పోయిందని ప్రమాణం చేసిన సర్టిఫికెట్ మా బీరువాలోనే ఉంది. ఆధార్ సెంటర్‌లో ముందు స్కూలు రికార్డు మార్చుకోమన్నారు. స్కూల్లో ముందు ఆధార్ మార్చుకోమన్నారు. ఎవరి మీద కోప్పడను? ఆ రెండు కాగితాల్లోనూ డిసెంబర్ వేయించింది నేనే.

ఆదివారం అమ్మాయితో గ్రౌండ్‌కు వెళ్లి, ఆ తల్లిదండ్రులందరి ముందే చెప్పాను: "నా బిడ్డ చెప్పిందే నిజం సార్. ఆ రోజు నేనే అబద్ధమాడిన."

"ఇప్పుడు చెప్తే ఏం లాభమండీ? లిస్టు వెళ్లిపోయింది" అన్నారు కోచ్. "పద్నాలుగేళ్ల వాళ్లతో ఆడించమంటే ఆడిస్తాను. దెబ్బలు తగులుతాయి మరి."

ఆడతానంది అమ్మాయి. ఆ పిల్లలంతా దానికంటే జానెడు పొడుగు. పది నిమిషాల్లో మూడుసార్లు పడింది. మూడోసారి నేను గీత దాటి లోపలికి పోబోయాను.

"నువ్వు రాకు" అంది, మోకాలి మట్టి దులుపుకుంటూ.