భయపడ్డవాణ్ణి అడిగే పద్ధతి

సారు పోయారన్న కబురు ఫోనులో వచ్చింది. చెప్పింది కోర్టు గుమాస్తా. కింద మైదానంలో, కూతురి ఇంట్లో, నిద్రలోనే వెళ్లిపోయారట. నేను పెరట్లో కాఫీ పళ్లు ఎండబోస్తున్నాను. చేట కింద పెట్టి, తలమీద కొంగు కప్పుకుని ప్రార్థనకు కూర్చున్నాను. ముందు నోటికొచ్చింది స్తుతి కాదు. ఇకమీదట మా కొండల్లో ఎవర్నయినా తీసుకుపోతే ఎవరి గుమ్మం తొక్కాలి ప్రభువా, అని. కన్నీళ్లు ఆ తరవాత వచ్చాయి.

ఆయన మా ఏజెన్సీలో వకీలు. నేను ఆయన ఆఫీసులో టైపిస్టుని. పెదబయలు అవతల మా ఊరు. మిషను హాస్టల్లో చదువుకుని, టైపు నేర్చుకుని, తొంభైల మొదట్లో ఆయన దగ్గర చేరాను. అమ్మా నాన్నా అప్పటికే లేరు. ఇంటికి పెద్దదాన్ని. నా వెనక ఒక్క తమ్ముడు.

సారు ధైర్యవంతుడని రాస్తే అబద్ధమవుతుంది. అంత పిరికి మనిషిని నేను చూడలేదు. ఘాట్ రోడ్డులో బస్సు మలుపు తిరిగితే కళ్లు మూసేసుకునేవారు. ఆఫీసుకు తాళం వేసి లాగి చూసి, వీధి చివరిదాకా వెళ్లి, వెనక్కొచ్చి మళ్లీ లాగేవారు. కోర్టులో లేచే ముందు, కంఠతా వచ్చిన సెక్షనే మళ్లీ తీసి చదివేవారు. ఎందుకు సార్, మీకు రానిదా అని ఒకసారి అడిగాను.

"నిన్నటికీ ఇయాళ్టికీ సట్టం మారిపోయుంటే? పాతది సదివీసి లెగిస్తే నాకేటి పోయింది, సాయంత్రం ఇంటికెల్లిపోతాను. లోపలుండిపోయీవోడు ఆ ముద్దాయి కదమ్మా" అన్నారు.

రెండో శనివారం క్లాసు ఆ భయంలోంచే పుట్టింది. ఆ రోజు కోర్టుకు సెలవు. ఏజెన్సీలో ప్రాక్టీసు చేసే వకీళ్లు, వాళ్ల గుమాస్తాలు, నాలాంటి టైపిస్టులు, అందరూ రావాలని ఆయన పట్టు. కొత్తగా వచ్చిన తీర్పు, మారిన రూలు చదివి, అది మా కొండల్లో ఎవరికి ఎలా తగులుతుందో మాట్లాడుకునేవాళ్లం. చోటు లేదంటే మా పాస్టరుగారిని అడిగి సండేస్కూలు గది ఇప్పించాను. చిన్నపిల్లల బెంచీలు. నల్లకోటు వేసుకునే పెద్దమనుషులు మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చునేవారు. పట్టా పుచ్చుకున్నాక మళ్లీ ఈ చదువేమిటని మొదట్లో ఒకరిద్దరు గొణిగారు. సారు వాదించలేదు. "సదువు అయిపోయిందనుకున్న రోజున బోర్డు దించీయండి" అని మాత్రం అన్నారు.

ఒక రోజు ఆఫీసులో, ఫైలు చూస్తూ చూస్తూ తలెత్తి నన్నడిగారు.

"మీవోళ్లు ఏటడిగినా ఔ బాబూ, ఔ బాబూ అంటారేటమ్మా? సెయ్యని దానికి కూడా?"

"ఔ అంటే బేగి ఒగ్గేస్తారు సార్. కాదంటే తరవాత ఏం జరుగుతుందో తెలీదు."

ఆయన ఫైలు మూసేశారు. ఆ పూట ఇంక పని చేయలేదు.

ఆ నెల క్లాసుకు, సంతలో అడ్డాకులు అమ్మే ఒక ముసలమ్మను పిలుచుకు రమ్మన్నారు. ఆమెకు మా కువి భాష తప్ప రాదు. రెండు బెంచీలు నిలబెట్టి సాక్షి బోనులా చేసి, సారే ముందుగా అందులో నిలబడ్డారు. కోపంగా మొహం పెట్టి నీ ఇష్టం వచ్చింది అడగమని ముసలమ్మకు నేను చెప్పాను. ఆమె చేతిలో కర్ర నేలకేసి కొట్టి ఏదో గద్దించింది. సారు బిత్తరపోయి తలూపారు. మళ్లీ గద్దించింది. మళ్లీ ఊపారు.

ఏమడిగిందో చెప్పమన్నారు. నా మేకను నువ్వేనా దొంగిలించావు, కోసుకు తినేశావా అని అడిగింది సార్, మీరు రెండింటికీ ఔ అన్నారు, అన్నాను. గది గొల్లుమంది. మాకూ ఒక ముక్క ఉంచాల్సింది సారూ, అన్నాడు వెనక నుంచి ఒక గుమాస్తా. సారు కూడా నవ్వారు. నవ్వి, చొక్కా మెడ దగ్గర పట్టి చూపించారు. చెమటతో తడిసిపోయింది. ఆట అని తెలిసి కూడా ఇలా అయిపోయాను, ఆట కానివాడి గతి ఏమిటి, అన్నారు. ఆ తరవాత ప్రతి వకీలూ ఆ బెంచీల మధ్య నిలబడాల్సిందే. భయపడ్డవాణ్ణి ఔ అని తప్పించుకోడానికి వీలున్న ప్రశ్న అడగకూడదని ఆయన నేర్పిన పాఠం. ఎక్కడ, ఎందుకు, ఎవరున్నారు, ఏమయ్యేది అని అడగాలి. వాడి భాషలో అడగాలి. అడిగి ఊరుకోవాలి.

రెండువేల సంవత్సరం దాటాక రోజులు ఇంకా పాడయ్యాయి. అడవిలో తుపాకులు, రోడ్డు మీద తుపాకులు. నలుగురు ఒకచోట కూడితే రెండు పక్కలా అనుమానమే. ఒక శనివారం ఎవరూ ఎరగని మనిషి ఒకడు వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్నాడు. ఏమీ రాసుకోలేదు, ఏమీ అడగలేదు, అయిపోగానే వెళ్లిపోయాడు. ఏ పక్కవాడో ఇప్పటికీ తెలీదు. పై నెల సగం మంది రాలేదు. సారు వచ్చారు. తలుపు గడియ రెండుసార్లు లాగి చూసి, కాగితం తీసి చదివారు. "బయపడ్డం తప్పుగాదు. బయపడి సదవడం మానీడం తప్పు" అన్నారు, మాతోనో తనతోనో.

ఆ ఏడాదే నా తమ్ముణ్ణి తీసుకుపోయారు. కాఫీ తోటలో పని మీద ఉండగా పోలీసులు పట్టపగలే వచ్చి తీసుకెళ్లారు. అడవిలో తిరిగేవాళ్లకు బియ్యం మూట మోశాడని కేసు. మోసిన మాట నిజం. వాళ్లు ఊళ్లోకి వచ్చి మొయ్యమన్నారు, మోశాడు. మోయించారని కోర్టులో చెబితే అడవిలోవాళ్లు ఊరుకోరు. చెప్పకపోతే జైలు. జైల్లో చూడబోతే నాతో కూడా పెదవి విప్పలేదు. ఊరివాళ్లు కళ్లారా చూసింది నాకు చెబితే, సారుకు నేనే చెప్పాను. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, ఈ కేసు నాకూ భయమేనమ్మా, అని వకాలత్ మీద సంతకం పెట్టారు.

కోర్టు రోజున నేను వెనక నిలబడ్డాను. నోట్లో కీర్తన మాటలు తిరగలేదు. మేజిస్ట్రేటుగారు అభియోగం చదివి, మూట మోశావా, నేరం ఒప్పుకుంటున్నావా అని తెలుగులో అడిగారు.

"ఔ బాబూ" అన్నాడు తమ్ముడు.

టైపు మిషను టకటకమంది. సారు లేచారు. అతని భాషలో, అది తెలిసినవాళ్లచేత మళ్లీ అడిగించమని కోరారు. ఒప్పుకున్నాడు కదా, ఇంకా ఏమిటి, అన్నారు మేజిస్ట్రేటుగారు విసుగ్గా.

"అయ్యా, ఒప్పుకోలేదు. భయపడ్డాడు" అన్నారు సారు. "ఒక్క ప్రశ్న అడిగించండి. మొయ్యనంటే ఏమయ్యేది అని."

మా భాష వచ్చిన బడి మాస్టరు ఒకాయన్ని పిలిపించి, ప్రమాణం చేయించి, అడిగించారు. తమ్ముడు నోరు తెరిచాడు. తలుపు వైపు చూశాడు. మూశాడు. ఎవరి పేరూ చెప్పలేదు. చెయ్యి మాత్రం దానంతటది లేచి మెడ వెనక్కి వెళ్లి అక్కడే ఆగిపోయింది, తుపాకి గొట్టం ఆనిన చోట. సారు రెండో ప్రశ్న అడగలేదు. మేజిస్ట్రేటుగారు ఆ చేతిని చాలాసేపు చూసి, ఇది ఒప్పుకోలుగా రాయొద్దన్నారు. ఆ సాయంత్రమే బెయిలు వచ్చింది. కేసు తరవాత నిలవలేదు.

నాకు ఆయన ఇచ్చింది అది. ఆయన లేకపోతే, ఆ ఔ మీదే నా తమ్ముడి బతుకు తెల్లారిపోయేది.

బెయిలు వచ్చిన ఆ సాయంత్రం, మమ్మల్ని ఊరికి దింపుతానని మాతో సారు కూడా బస్సెక్కారు. ముందు సీట్లో ఆయన, వెనక మేమిద్దరం. చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆపారు. తుపాకి భుజాన వేసుకుని ఒక జవాను ఎక్కి, ఒక్కొక్కళ్లనూ చూస్తూ వచ్చి తమ్ముడి దగ్గర ఆగాడు. మాది కాని, అడవిలోవాళ్లు మసలే ఊరి పేరు ఒకటి చెప్పి, నీది ఆ ఊరే కదూ, అన్నాడు.

సారు జవాబు చెబుతారనుకున్నాను. ఆయన వెనక్కి తిరగలేదు.

"కాదు బాబూ" అన్నాడు తమ్ముడు.

జవాను వాడి మొహంలోకి చూశాడు. మరెక్కడ, అన్నాడు. తమ్ముడు మా ఊరి పేరు చెప్పాడు, దారి చెప్పాడు, వాగు దాటాక ఎటు తిరగాలో చెప్పాడు. జవాను దిగిపోయాడు. బస్సు కదిలింది. సారు ముందు సీటు కడ్డీ పట్టుకుని ఉన్నారు, కళ్లు మూసుకుని, వేళ్లు తెల్లబడేటంత గట్టిగా. ఘాట్ అయిపోయింది, చదును రోడ్డు వచ్చింది, మా ఊరి మలుపు కనబడింది. ఆ చెయ్యి ఇంకా కడ్డీ మీదే ఉంది.