గేటు బయట నాపబండ

దొరసానమ్మ పోయిందని కబురు వచ్చేటప్పటికి గానుగ తిరుగుతోంది. కర్నూలు ఆసుపత్రి నుంచి ఆమె కూతురు ఫోను చేసింది. ఆ రొదలో నాకు ఒక్క ముక్కా వినపడలేదు. "గట్టిగా చెప్పు తల్లీ" అని అరిచాను. పాపం, ఆ పిల్ల గట్టిగా చెప్పింది. ఆ మాటను రెండుసార్లు చెప్పించినందుకు ఇప్పటికీ నా నోటిని తిట్టుకుంటున్నాను. నాతో పనిచేసే మద్దిలేటక్క నా ముఖం చూసి, పోయి స్విచ్చి ఆపింది.

మాది బేతంచెర్లకు దగ్గరి పల్లె. నా పేరు ఖాసింబీ. గానుగలో పనిచేసే ఆడవాళ్లలో పదో తరగతి దాకా చదివింది నేనే. అందుకని "ఆ యమ్మ మనకెవరో నాలుగు మాటలు రాయి మ్మే" అని అందరూ నన్ను కూర్చోబెట్టారు. తీరా కూర్చుంటే ముందు గుర్తొస్తున్నది కోపం. ఆమె మీద మాకూ, మా మీద ఆమెకూ ఒకసారి వచ్చిన కోపం.

దొరసానమ్మ, ఆమె భర్త దొర, పసిపిల్లగా ఉన్న కూతురు సముద్రం దాటి మా ఊరికి వచ్చారు. ఏసు ప్రభువు మాట చెప్పడానికి వచ్చినవాళ్లే, అందులో దాపరికమేమీ లేదు. అయితే కరువు ఊళ్లో మాట ఒక్కటే చాలదని, పని చూపించాలని దొరకు తోచింది. "పెట్టే చెయ్యి ఎప్పుడో ఒకపొద్దు అలిసిపోతాది. మీ చెయ్యే మీకు పెట్టాల" అని దొరసానమ్మ మా యాసలోనే అనేది. మొదట కొవ్వొత్తులు చేయించారు. మా ఎండల సంగతి వాళ్లకేం తెలుసు! చేసినవన్నీ రేకుల షెడ్డులో ఒంగి, కరిగి, ఒకదానికొకటి అతుక్కుపోయాయి. మేము కొంగులు నోటికడ్డం పెట్టుకుంటే, ఆమె మా అందరికంటే గట్టిగా నవ్వింది. "సరే, ఈడ ఏం పండుతాదో మీరే చెప్పండి" అంది. బుడ్డలు అన్నాం. వేరుశనగను మేము బుడ్డలంటాం. అట్లా నూనె గానుగ వచ్చింది.

వచ్చింది సరిగ్గా దసరా ముందు. ఆయుధపూజ నాడు పొద్దున్నే ఆడవాళ్లంతా తలకు పోసుకుని, పసుపు, కుంకుమ, నిమ్మకాయలు, కొబ్బరికాయ పట్టుకుని వచ్చారు. దొరసానమ్మ గేటుకు అడ్డం నిలబడింది.

"ఇది ప్రార్థన చేసి తెచ్చిన మిషనమ్మా. దీనికి ఇంకో పూజ వద్దు."

"మీ ప్రార్థన మీరు చేసుకుంటిరి. మాది మేము చేసుకోవద్దా?" అంది మద్దిలేటక్క. ఆమె భర్త నాపరాళ్లకు పాలిషు పట్టే మిషనులో చెయ్యి పోగొట్టుకుని, ఆ పుండుతోనే పోయాడు. ఆ ఏడు అక్కడ పూజ చేయలేదట. చేసి ఉంటే బతికేవాడా అంటే నేను చెప్పలేను. ఆమెకు మాత్రం అందులో అనుమానం లేదు. "మిషనుకు కండ్లుండవు తల్లీ. పసుపు పెట్టి ఒక మాట చెప్పుకోకుంటే దాంట్లోకి నా చెయ్యి పోదు."

దొరసానమ్మ తల అడ్డంగా ఊపింది. ఆడవాళ్లు తెచ్చినవి తెచ్చినట్టే పట్టుకుని వెనక్కి పోయారు.

ఆ తర్వాత పనికి నేనొక్కదాన్నే వచ్చాను. నాకు ఆ పూజా లేదు, ఆ పట్టింపూ లేదు. ఇంట్లో పొయ్యి వెలగాలి, అంతే. రైతుల దగ్గర కొన్న బుడ్డల మూటలు ఆరుబయటే పడి ఉన్నాయి. నల్లమల వైపు మబ్బు కమ్ముకొస్తోంది. తడిస్తే బూజు పడతాయి. బూజు పడితే గానుగ మొదలుకాకుండానే మూతబడుతుంది, మేమంతా మళ్లీ క్వారీల్లో రాళ్లు మోయాలి. దొర, దొరసానమ్మ, నేను ఒక్కొక్క మూటా లోపలికి లాగుతున్నాం. సగం కూడా కాకముందే గేటు దగ్గర జనం కమ్ముకున్నారు. మగపిల్లలు ముందు, పూజ సామాను పట్టుకుని మా ఆడవాళ్లు వెనుక.

"ఏమ్మా, మా దేవుళ్లు నీకు పనికిరారా? మా చేతులు మాత్రం పనికొస్తాయా?" అని ఒకడు గేటును కాలితో తన్నాడు. వాడి చేతిలో రాయి ఉంది. వాడి కన్ను నా మీద పడింది. "నువ్వెవరి పక్క, ఖాసింబీ?"

"నా పిల్లోళ్ల పక్క రా!" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎట్లా వచ్చిందో నాకే తెలియదు.

చినుకులు మొదలయ్యాయి. దొర గేటు వైపు అడుగు వేశాడు. దొరసానమ్మ ఆయన్ని ఆపి, తానే పోయి గొళ్లెం తీసింది. యా అల్లా అనుకున్నాను. రాయి పట్టుకున్నవాణ్ని దాటి, నేరుగా మద్దిలేటక్క దగ్గరికి పోయి, గానుగ తాళంచెవి ఆమె చేతిలో పెట్టింది.

"పూజ నా చేత కాదు మద్దిలేటమ్మా, నా దేవుడు ఒప్పుకోడు. నీ భయాన్ని కాదనేదీ నా చేత కాదు. మిషను మీది. మీరు చేసుకోండి. అయ్యేదాంక నేను బయట కూసుంటా."

గేటు బయట ఒక నాపబండ ఉంది. గానుగకు వీపు పెట్టి, రోడ్డు వైపు తిరిగి, దాని మీద కూర్చుంది. మద్దిలేటక్క ఆడవాళ్లను వెంటబెట్టుకుని లోపలికి పోయింది. రాయి పట్టినవాడు దాన్ని ఎక్కడ పడేయాలో తెలియక అట్లాగే నిలబడ్డాడు. కొబ్బరికాయ కొట్టే ఆచారం మా ఇళ్లలోనూ లేదు కదా, నాకూ లోపల పని లేదు. "జరుగమ్మా" అన్నాను. జరిగింది. ఆమె పక్కన కూర్చున్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఆమె వేళ్లు చల్లగా ఉన్నాయి. "నేను తప్పు చేస్తాండానా, ఖాసింబీ?"

"నాకేం తెలుసమ్మా? ముందు వాన ఆగుతాదో లేదో చూద్దాం."

లోపల కొబ్బరికాయ పగిలింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. ఆమె వేళ్లు నా చేతిని నలిపేస్తున్నాయి. ఎంతసేపటికో గానుగ కదిలింది. మద్దిలేటక్క రెండు దొప్పల్లో పుట్నాలు, బెల్లం తెచ్చి మా ముందు పెట్టింది. "దేవునికి చూపకముందే తీసిపెట్టినా. మీకు పట్టింపు ఉండదు, తినండి" అంది. దొరసానమ్మ ఏడుస్తూ తినింది. మిగిలిన మూటలు ఆ మగపిల్లలే లోపలికి చేర్చారు. రాయి పట్టినవాడే అందరికంటే ఎక్కువ మోశాడు.

కథ అక్కడితో సుఖంగా ముగిసి ఉంటే బాగుండేది. పసుపు పూసిన గానుగ ఫొటో ఎవరు పంపారో ఏమో, వాళ్ల దేశం చేరింది. పూజ ఎట్లా చేయనిచ్చారని అడిగి, వాళ్లను ఇక్కడికి పంపిన సంఘం చెయ్యి వదిలేసింది. ఆ సంగతి మాకు చెప్పనే లేదు. జీపు అమ్మేసి దొర సైకిలెక్కితే ఆరోగ్యం కోసమనుకున్నాం, మా తెలివి తగలెయ్య! చాన్నాళ్లకు వాళ్ల కూతురు నోరు జారితే, నేను పోయి పోట్లాడాను.

"మాకెందుకు చెప్పలేదు? మేము నీకు ఏమీ కామా?"

ఆమె సంగటి కెలుకుతోంది. "వాళ్లు అడిగింది న్యాయమే. నేను చేసింది కూడా న్యాయమే అనుకుంటా. రెండూ ఎట్ల న్యాయమో పైకి పోయినాక అడుగుతాలే. కూసో, సంగటి తిని పో" అంది.

సంఘం వదిలేసినా వాళ్లు ఊరు వదల్లేదు. దొర ఇక్కడే పోయాడు. గానుగను ఆమె మా ఆడవాళ్ల పేర రాయించేసింది. అయినా ప్రతి ఆయుధపూజకూ కర్ర పట్టుకుని వచ్చి ఆ బండ మీదే కూర్చునేది, పక్కన నేను. మోకాళ్ల నొప్పుల గురించీ, నా కోడలి గురించీ గలగలా మాట్లాడేది. కొబ్బరికాయ పగిలే ముందు మాత్రం మాట ఆపేసి నా చెయ్యి పట్టుకునేది. ఎన్నేళ్లయినా ఆ వేళ్లు చల్లగానే ఉండేవి. నవ్వుతూ ఒప్పుకున్నట్టు మాకు కనపడేదే గానీ, ఆ పని ఆమెకు ఒక్క ఏడు కూడా సులువు కాలేదు. అది తెలిసింది నా చేతికొక్కదానికే.

దొర పక్కనే ఆమెను సమాధి చేశాం. కొన్నాళ్లకే దసరా వచ్చింది. కొత్తగా పనిలో చేరిన పిల్ల ఒకతి బయటికొచ్చి, "ఆ యమ్మే లేదు కదా పిన్నీ, ఒక్కదానివే యాడ కూసుంటావు? లోపలికి రా" అంది.

"నీ పని చూసుకో పో" అని కసిరాను. ఆ పిల్ల తప్పేం లేదు.

కొబ్బరికాయ పగిలే ముందు నా చెయ్యి దానంతటదే పక్కకు పోయింది. ఎండకు కాగిన బండ తగిలింది. పైన ఆమె ఈపాటికి అడిగే ఉంటుంది. ఏం జవాబు వచ్చిందో.

మద్దిలేటక్క వచ్చింది. ఆమె చేతుల్లో దొప్పలు రెండున్నాయి.

"రెండెందుకక్కా?"

ఆమె తన చేతుల వైపు చూసుకుంది. "చెయ్యి అట్లే పోయింది మ్మే" అంది. ఒకటి నాకిచ్చి, రెండోది నా పక్కన ఖాళీలో పెట్టి, ముక్కు చీదుకుంటూ లోపలికి పోయింది.

నా వెనక గానుగ తిరగడం మొదలైంది. బండ మీద నేను ఇంకా నా సగంలోనే కూర్చుని ఉన్నాను.