మూడు నొక్కుల గొడ్డలి

మా ఆఫీసు ఆవరణలో చెట్లు కొట్టే తిమ్మప్పది అనంతపురం వైపు. పద్నాలుగేళ్లుగా కొత్తగూడలో కిరాయికుంటూ ఒకే గొడ్డలితో బతుకుతున్నాడు. దాని పదును తగ్గితే మనిషికి అన్నం సయించదు. గేటు దగ్గర సెక్యూరిటీగా అంతా చూసినవాణ్ణి, తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

సోమవారం తురాయి కొమ్మ కొడుతుంటే, లైట్ల దండ కోసం ఎవడో దిగ్గొట్టిన మేకు తగిలింది. గొడ్డలి అంచున మూడు నొక్కులు పడ్డాయి, బియ్యపు గింజంతవి. ఆకురాయి పట్టుకుని కూర్చుంటే అరగంట పని. ఖర్మకొద్దీ మెయింటెనెన్స్ కావ్య మేడం చూసింది.

"ముందు కంప్లయింట్ పెట్టాలి తిమ్మప్పా, రూలు" అంటూ ఫోటో తీసి, 'చిన్న లోపాలు, మూడు' అని యాప్‌లో ఎక్కించింది. లోపం అన్న మాట కనబడగానే ఆ దిక్కుమాలిన యాప్ దాన్ని నాలుగో అంతస్తుకు, సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే ఆదర్శ్‌కి పంపింది.

రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. సగం తెగిన కొమ్మ కార్ల మీద వేలాడుతోంది. తిమ్మప్ప ఆగలేకపోయాడు. బుధవారం మధ్యాహ్నం నీడన కూర్చుని, నొక్కులు పోయేదాకా అంచంతా సమంగా అరగదీసి, సానరాయి మీద నూరాడు. బొటనవేలితో తడిమి నవ్వుకున్నాడు. నాలుగు దెబ్బల్లో కొమ్మ కింద పడింది.

గురువారం పొద్దున లాప్‌టాప్ చంకన పెట్టుకుని ఆదర్శ్ దిగాడు.

"లోపం ఎక్కడండీ?"

"నేనే సరి చేసుకుంటి సార్."

"అలా ఎలా చేస్తారండీ? నేను చూడకపోతే తప్పుడు కంప్లయింట్ కింద పడుతుంది. యాప్ మీ గేటు పాస్ ఆపేస్తుంది."

పాస్ ఆగితే తిమ్మప్పకి పని లేదు. ముఖం పాలిపోయింది. "ఇప్పుడు నన్నేం చేయమంటారు సార్?"

"ఏం లేదండీ. మొదట ఎలా అయిందో అలాగే ఇంకోసారి చేసి చూపించండి, చాలు."

ఎంత మర్యాదగా అన్నాడో. కుర్రాడు మంచివాడే, అదే నా ఏడుపు.

తిమ్మప్ప గొడ్డలి ఎత్తి ఫుట్‌పాత్ రాయి మీద వేశాడు. ఆదర్శ్ వంగి, ఫోటోతో పోల్చి, "రెండేనండీ, ఇంకొకటి కావాలి" అన్నాడు. తిమ్మప్ప కళ్లు మూసుకుని మళ్లీ వేశాడు.

ఆదర్శ్ తృప్తిగా లాప్‌టాప్‌లో టకటకా కొట్టి కంప్లయింట్ మూసేశాడు. "చిన్న లోపాలేనండీ. పనికి అడ్డం కాదు, సరిచేయనక్కర్లేదని రాసేశాను. ఇక మీరు ముట్టుకోకండి."

లిఫ్ట్ తలుపు మూసుకునేదాకా తిమ్మప్ప నిలబడే ఉన్నాడు. తర్వాత నావైపు తిరిగి, "పాస్ నిలబడింది కదా శేఖరన్నా" అంటూ గొడ్డలిని ఒళ్లో పెట్టుకుని ఏడ్చాడు.