ఒకే తలుపున్న ఇల్లు

నాకు భయం ఎక్కువ. ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది. బల్లి మీద పడితే భయం, ఫోన్ ఒకసారి మోగి ఆగిపోతే భయం, మా ఆయన అన్నం తిన్నాక ఏమీ మాట్లాడకుండా కూర్చుంటే భయం. "నువ్వు నవ్వినా భయపడ్డట్టే ఉంటది" అంటాడాయన. అననీ. అలాంటిదాన్ని తీసుకొచ్చి రేకు డబ్బాలో కాపురం పెట్టించింది ఎవరు మరి?

డబ్బా అంటే నిజంగా డబ్బానే. ఇరవై అడుగుల పొడుగు, పది అడుగుల వెడల్పు. భూపాలపల్లిలో రేగొండ వైపు పోయే రోడ్డు పక్కన మాకున్న చిన్న జాగాలోకి దాన్ని లారీ మీద తెచ్చి, క్రేన్‌తో ఎత్తి, నాలుగు సిమెంటు దిమ్మెల మీద దించారు. అందులోనే మంచం, అందులోనే పొయ్యి, ఒక మూల బాత్‌రూం. ఒక తలుపు, ఒక కిటికీ. దించుతుంటే చుట్టుపక్కల వాళ్ళంతా వచ్చి నిలబడ్డారు. "గిండ్ల మనుషులుంటరా, సామాన్లు పెడ్తరా?" అని ఒకాయన అడిగాడు. "మనుషులమే ఉంటం" అని మా ఆయన గొప్పగా చెప్పాడు. అది గాల్లో వేలాడుతున్నంతసేపూ నాకు మాత్రం ఊపిరాడలేదు.

నేను పుట్టి పెరిగింది జనగామలో. ముందు కిరాణా కొట్టు, వెనక ఇల్లు. వీధిలోకి ఒక తలుపు, పక్క సందులోకి ఒకటి, పెరట్లోకి ఇంకొకటి. ఎవరికి కోపమొచ్చినా ఏదో ఒక తలుపులోంచి బయటపడి, చల్లారాక వేరే తలుపులోంచి వచ్చేవాళ్ళు. ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. ఎవరు బయటికి పోతే వాళ్ళు బయటినుంచి గొళ్ళెం పెట్టి పోవాలి, లోపల మనుషులున్నా సరే. ఎందుకంటే కోతులు. ఊరికే దగ్గరికేసిన తలుపును తోసుకొచ్చి బియ్యం డబ్బా బోర్లించి పోయేవి. గడియ పెట్టమని లోపలివాళ్ళను పొయ్యి దగ్గర్నుంచి లేపడం ఎందుకని బయటి గొళ్ళెమే పెట్టేవాళ్ళం. లోపలివాళ్ళకు పెరటి తలుపు ఎలాగూ ఉండేది. అది తప్పని గానీ, ప్రమాదమని గానీ ఎవరికీ తోచలేదు.

ఇంకో పద్ధతి మా బాపుది. "గిరాకి నిలబడ్డప్పుడు గల్లా మీదికెల్లి లేవద్దు బిడ్డా" అనేవాడు. జ్వరమొచ్చినా, ఇంట్లో చుట్టాలొచ్చినా, సామాను కట్టిచ్చి పంపాకే లేవాలి. పదేళ్ళ వయసునుంచీ గల్లా మీద కూర్చున్నదాన్ని. ఆ మాట నా ఒంట్లో ఇంకిపోయింది.

పెళ్ళయ్యాక ఆరేళ్ళు మహబూబాబాద్‌లో అద్దెకున్నాం. ఆ ఇంటామెకు మా మీద ఏం పగో ఏమో. మోటారు ఎక్కువసేపు నడిచినా లొల్లే, పాప గట్టిగా ఏడ్చినా లొల్లే. "మీ ఇంటికి ఇందరు చుట్టాలెందుకొస్తరమ్మా?" అని మెట్లమీదే నిలబెట్టి అడిగేది. చుట్టాలెందుకొస్తారంటే ఏం చెప్తాం? అక్కడ నేను గట్టిగా తుమ్మడానికి కూడా జంకేదాన్ని. అందుకే మా ఆయన భూపాలపల్లిలో కొట్టు పెడదాం, అక్కడే ఈ డబ్బా ఇల్లు వేసుకుందాం అనగానే భయపడుతూనే సరేనన్నాను.

నిజం చెప్పాలి కదా, సుఖాలు లేకపోలేదు. ఊడవడం రెండు నిమిషాల పని. వస్తువు పోయిందంటే వెతకడానికి చోటే లేదు, దొరికి తీరాల్సిందే. అడిగేవాడు లేడు, నెలాఖరుకు తలుపు కొట్టేవాడు లేడు. అన్నిటికంటే పెద్ద సుఖం, నేను ఏ మూలనున్నా పాప ఊపిరి నాకు వినిపించేది. కూర కలుపుతూ కూడా దాని గురక వినేదాన్ని. అప్పుడు దానికి నాలుగున్నరేళ్ళు. నాలాంటి పిరికిదానికి అంతకంటే ఏం కావాలి?

కష్టాలు మాత్రం ఒకదాని వెంట ఒకటి తెలిశాయి. గాలివాన వస్తే డబ్బా మొత్తం గజగజలాడేది. మంచానికి నాలుగడుగుల దూరంలో గ్యాస్ సిలిండరు ఉందన్న ఆలోచనతో కన్ను మూతపడేది కాదు, లేచి రెగ్యులేటరు ముట్టుకుని చూసి పడుకునేదాన్ని. కోతులు పైకప్పు మీద దూకితే నెత్తిమీద పిడుగు పడ్డట్టుండేది. ఒకరోజు ఒక పెద్ద కోతి లోపలికే వచ్చి, పాప చేతిలో బిస్కెట్టు లాక్కుని, నామీదికి పళ్ళు చూపించింది. ఆ సాయంత్రమే వెల్డింగాయనను పిలిపించి కిటికీకి మందపాటి జాలీ పెట్టించాను. ఎండాకాలం వచ్చాక జాలీ కోయించి కిటికీలో కూలరు బిగించి, దాని చుట్టూ మిగిలిన సందులకు కూడా ఇనుప చువ్వలు వెల్డింగు చేయించాను. "ఇగ దోమ గూడ రాదు" అన్నాడు వెల్డింగాయన. హమ్మయ్య అనుకున్నాను.

అది మే నెల. మధ్యాహ్నం పూట. పాప అన్నం తిని కూలరు ముందు నిద్రపోయింది. కొట్టు నుంచి మా ఆయన ఫోన్ చేశాడు. "సామాను బండొచ్చింది. దించుకోవాలె. జర పది నిమిషాలు గల్లా మీద కూసుంటవా?" కొట్టు మా ఇంటికి రెండు సందుల అవతల. పాప పడుకుంటే గంటన్నర లేవదు. పది నిమిషాలే కదా అని చెప్పులేసుకున్నాను. బయటికొచ్చి తలుపు లాగి గొళ్ళెం పెట్టాను. చెయ్యి దానంతటదే పెట్టేసింది. నా బుద్ధి తగలెయ్య, వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

బండి దించడం పది నిమిషాల్లో ఎక్కడ అవుతుంది? బస్తాలు వెనక గదిలో సర్దుతూ ఆయన లోపలే ఉండిపోయాడు. ఇటు పెళ్ళి సామాను చీటీతో ఒకామె వచ్చింది. నేను చీటీ చూస్తూ పప్పు తూస్తుంటే తలపైన ఫ్యాను ఆగిపోయింది. కరెంటు పోయింది. ఆ క్షణంలో నాకు మొదట గుర్తొచ్చింది ఏమిటో చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఫ్రిజ్జులో పాల ప్యాకెట్లు. తర్వాత పప్పు తూయడం పూర్తి చేశాను, చింతపండు కట్టాను, బెల్లం తీశాను. ఆమె నిలబడే ఉంది, నేను కూర్చునే ఉన్నాను.

"అబ్బ, ఏం ఉడుకపోత! ఈ రేకుల కింద పాణం పోతాంది" అందామె కొంగుతో విసురుకుంటూ.

రేకులు అన్న మాట చెవిన పడగానే మా డబ్బా, ఆగిపోయిన కూలరు గుర్తొచ్చాయి. తరాజులో బెల్లం అలాగే ఉంది. లేచి పరుగెత్తాను. ఒక చెప్పు ఎక్కడో జారిపోయింది. తారురోడ్డు కాలుతున్నదన్న సంగతి కూడా అప్పుడు తెలియలేదు. ఫోన్‌లో టైము తర్వాత చూసుకున్నాను, నేను ఇల్లు వదిలి నలభై నిమిషాలు దాటింది.

ఎండకు ఇనుము ఉబ్బి గొళ్ళెం బిగుసుకుపోయి ఉంది. అలా బిగుసుకోవడం మామూలే. ఎప్పుడూ చెంబుడు నీళ్ళు పోసి, కాసేపాగి లాగితే వచ్చేసేది. ఆ రోజు నీళ్ళూ గుర్తు రాలేదు, ఆగడమూ గుర్తు రాలేదు. పక్కనున్న రాయి తీసుకుని బాదాను. రెండు దెబ్బలకు గొళ్ళెం ఊడిరాకపోగా వంగి కూర్చుంది. ఇక నీళ్ళు పోసినా రాదు. "బిడ్డా! లే బిడ్డా!" అని అరుస్తూ రెండు చేతులతో తలుపు బాదాను. లోపల ఉలుకూ లేదు, పలుకూ లేదు.

నా వెనకే మా ఆయన ఉరికొచ్చాడు. ఆయనా బాదాడు, కాలితో తన్నాడు. రోడ్డున పోయే ఇద్దరు ముగ్గురు వచ్చి తలా ఒక చెయ్యి వేశారు. ఒకాయన కూలరు వెనక గడ్డి డోరు పీకి, ఫ్యాను రెక్కల సందులోంచి లోపలికి చూశాడు. "మంచం మీద ఎవ్వలు లేరక్కా" అన్నాడు.

నేను అక్కడే మట్టిలో కూలబడ్డాను. మంచం మీద లేదంటే బాత్‌రూంలో పడిపోయిందా? పొయ్యి దగ్గర పడిందా? పాప చచ్చిపోయిందని ఆ క్షణంలో నాకు నమ్మకం కుదిరిపోయింది. ఇన్నేళ్ళుగా నేను భయపడ్డవన్నీ ఉత్తివేననీ, అసలైన భయం ఇదేననీ తెలిసింది.

పక్క జాగాలో రేకుల షెడ్డులో ఒక ముసలామె ఉండేది. చిట్యాల దగ్గరి తండా నుంచి వచ్చి మేస్త్రీ పనికి పోయేది. నేను ఆమెను అవ్వా అని పిలిచేదాన్ని. ఆమె గడ్డపార పట్టుకుని వచ్చింది. వచ్చీ రాగానే తలుపు జోలికి పోలేదు.

"అందరు ఊకోండ్రి! ఏందీ లొల్లి? పోరి ఏమన్నా గూడ వినబడ్తదా మీకు?" అని గదమాయించింది. బాదుతున్న చేతులన్నీ ఆగిపోయాయి. మా ఆయన కాలు కూడా ఆగింది. అవ్వ నా రెక్క పట్టి లేపి కూలరు దగ్గరికి తీసుకుపోయింది. "మెల్లగ పిలువు. అన్నం తిన రమ్మన్నట్టు పిలువు" అంది.

ఫ్యాను రెక్కల దగ్గర మూతి పెట్టి, "బిడ్డా, అమ్మను" అన్నాను.

మంచం కిందినుంచి గుసగుస వినిపించింది.

"అమ్మా, కోతి పోయిందా?"

అప్పుడు తెలిసింది నేనేం చేశానో. బిస్కెట్టు లాక్కుపోయిన రోజునుంచీ దానికి రోజూ పాఠం చెప్పేదాన్ని. నేను పక్కన లేనప్పుడు ఎవరైనా తలుపు బాదితే కోతి అనుకో, మంచం కిందికి దూరు, చప్పుడు చెయ్యకు, ఊపిరి కూడా గట్టిగా తీయకు అని. రేకు తలుపు మీద అంతమంది బాదుతుంటే ఆ మోతలో దానికి నా గొంతు ఎలా తెలుస్తుంది? చెప్పింది చెప్పినట్టు చేసింది నా తల్లి. కాలిపోతున్న డబ్బాలో, మంచం కింద, చెమటలో నానుతూ, చప్పుడు చెయ్యకుండా పడుకుంది.

"పోయింది బిడ్డా" అన్నాను. ఇంకేమనను?

అవ్వ గడ్డపారను తలుపు సందులో దూర్చి, మా ఆయనతో కలిసి మూడు ఊపులు ఊపింది. కీళ్ళతో సహా తలుపు ఊడొచ్చింది. లోపలినుంచి కొట్టిన వేడికి ముఖం తిప్పుకోవాల్సి వచ్చింది. పాపను బయటికి లాగేసరికి ఒళ్ళంతా ఎర్రగా కమిలి, తల తిరుగుతున్నట్టు తూలుతోంది. అవ్వ దాన్ని తన ఒళ్ళో పడుకోబెట్టి తడిబట్టతో తుడుస్తూ తన ఇంటి భాషలో ఏదో మాట్లాడింది. నాకు అర్థం కాలేదు. పాపకు మాత్రం అర్థమైనట్టే తలూపింది. దవాఖానకు తీసుకుపోతే సాయంత్రం దాకా సెలైన్ ఎక్కించి పంపారు. ఇంకో అరగంట ఉంటే ఏమయ్యేదని నేను డాక్టరమ్మను అడగలేదు. ఆమే చెప్పబోతే చెవులు మూసుకున్నాను.

మా ఆయన ఆ రాత్రే వెల్డింగాయనకు ఫోన్ చేశాడు. మర్నాడే ఆయన వచ్చి ఊడిన తలుపు మళ్ళీ బిగించి, వెనక గోడ కోసి రెండో తలుపు పెట్టాడు. పాత తలుపుకున్న బయటి గొళ్ళెం కోయించేశాను, కొత్తదానికి పెట్టించనే లేదు. కోతులు వస్తే రానీ, బియ్యం తింటే తిననీ. ఇప్పటికీ అదే ఇంట్లో ఉంటున్నాం. చిన్న ఇల్లు మంచిదా చెడ్డదా అని ఎవరైనా అడిగితే, తలుపులెన్ని ఉన్నాయో చూసుకొమ్మని మాత్రం చెప్తాను.

పాప ఈ ఏడు బడికి పోతోంది. ఇంటికి ఎవరొచ్చినా ఆ రోజు సంగతి చెప్తుంది. చేతులు రెండూ బారచాపి, "గింత పెద్ద కోతి! తలుపును దబదబ కొట్టింది, ఒర్రింది గూడ" అంటుంది. "మరి నువ్వేం చేసినవే?" అని అడుగుతారు వాళ్ళు. "నేను సప్పుడు చెయ్యలే. మా అమ్మ చెప్పింది" అంటుంది. అందరూ దాని బుగ్గ గిల్లి మెచ్చుకుంటారు, నన్నూ మెచ్చుకుంటారు. ఆ తలుపు బాదింది, అలా అరిచింది నేనేనని దానికి ఇంతవరకు చెప్పలేదు.