గుయిలాన్ ఎడమ చెయ్యి

దక్షిణ చైనాలోని చావోజౌలో ఒక టీ కొట్టు వెనక గదిలో రోజూ మధ్యాహ్నం మేళం కూర్చుంటుంది. గుయిలాన్ అందరికంటే ముందు వచ్చి, గుజెంగ్ అనే పొడవాటి తీగల వాద్యం మీది గుడ్డ తీసి, కుడిచేతి వేళ్లకు మీటే గోళ్లు పట్టీతో బిగించుకుంటుంది. అరవై దాటిన మనిషి, పొట్టిది, మాట తక్కువ. పుట్టింది ఉత్తరాన హెనాన్‌లో. అక్కడివాళ్లు ఎడమచేత్తో తీగను గట్టిగా నొక్కి, ఏడ్చే గొంతులా వణికిస్తారు. చావోజౌ వాళ్లది మెత్తని చెయ్యి. నొక్కినట్టే ఉండదు, స్వరం వంగుతుంది. కోడలిగా వచ్చిన కొత్తలో అత్తగారు చేతిమీద తట్టి తట్టి ఆ వణుకు మాన్పించింది.

ఆ రోజూ వేళకే వచ్చింది. రెండో పాట మధ్యలో ఉన్నట్టుండి ఆమె ఎడమచెయ్యి తీగను నొక్కిపట్టి గజగజ ఊపేసింది. మేళం ఆగిపోయింది. "ఏం చెల్లెమ్మా, ఇవాళ అన్నం మానేసి మీవాళ్ల గోధుమ రొట్టె తిన్నావా?" అన్నాడు మేళం పెద్ద జువాంగ్. అందరూ నవ్వారు. "పొద్దున మా అక్క పోయిందని ఫోనొచ్చింది అన్నయ్యా," అంది గుయిలాన్, ఇంట్లో బియ్యం నిండుకున్నాయని చెప్పినట్టు. "మా నాన్న నేర్పిన ఈ హెనాన్ బాణీ ఇంక అక్కతోనే సరి." జువాంగ్ చిన్న కప్పులో టీ పోసి ఆమె ముందుకు జరిపాడు. "ఆ బాణీలోనే వాయించు. మేం నీ వెనకాల వస్తాం." ఆమె తీగలమీద వేళ్లు పెట్టింది. ఏడుపు రాలేదు. నాన్న నేర్పిన పాట మొదలెక్కడో కూడా తోచలేదు. "మనం ఎక్కడ ఆపాం?" అని అడిగింది. జువాంగ్ అక్కడినుంచి ఎత్తుకున్నాడు. ఆమె అందుకుంది. పాట అయ్యేదాకా ఒక్క తీగా వణకలేదు.