టీన్ కోర్టులో మూల దీపం

న్యాయం, అబద్ధం, ఆత్మ, భయం అన్నీ కలిసిన మహాగాథ చెప్పబోతున్నాను. వెన్నులో వణుకు ఖాయం. నిజం చెప్పాలంటే, ఇది నేను కుర్చీలో కదలకుండా కూర్చున్న కథ. అంతే. కానీ దానివల్ల జరిగిన నష్టం తక్కువేమీ కాదు.

అప్పుడు ఐర్లండులోని లిమరిక్‌లో ఎమ్మే చదువుతున్నాను. చిన్న తప్పులు చేసిన పిల్లల్ని వాళ్ళ ఈడు పిల్లలే విచారించి, ఎలా దిద్దుకోవాలో తేల్చే టీన్ కోర్టు ఒకటి పాత కాన్వెంటు హాల్లో నడిచేది. అది పనిచేస్తోందో లేదో అంచనా వేయడం నా ప్రాజెక్టు.

"నువ్వొక గోడవనుకో. ఉన్నట్టే తెలియకూడదు," అన్నారు మా ప్రొఫెసరు. ఆవిడ ఉద్దేశించింది మామూలు గోడ. నేను కోట గోడనయ్యాను. నల్ల కోటు టోపీ ముఖం మీదికి లాక్కుని మూల కుర్చీలో బిగుసుకున్నాను. గోడలకు చెవులుంటాయంటారు, ఈ గోడకు నింపాల్సిన అంచనా ఫారాలు కూడా ఉన్నాయి.

నవంబరు. నాలుగున్నరకే చీకటి. హీటరు నిద్రలో ఎవరో పళ్ళు కొరుకుతున్నట్టు చప్పుడు చేస్తోంది. మొదటివాడిది సైకిలు దొంగతనం. ఫిర్యాదు చదవడం అయింది. వాడు "అదీ... పూర్తిగా నా తప్పు కాదు," అనగానే నా నెత్తి మీది దీపం ఆరిపోయింది. వాడు నా వెనక్కి చూశాడు. పెదవులు పాలిపోయాయి. సైకిలుతో పాటు రెండో తరగతిలో కొట్టేసిన రబ్బరు సంగతి కూడా కక్కేశాడు.

నేను ఫారం నింపుతుంటే దీపం మళ్ళీ వెలిగింది. రెండోది ఒక అమ్మాయి. "నేనూరికే నిలబడ్డానంతే," అంది. దీపం ఆరింది. ఆమె కూడా అటే చూసింది. ఆమె కూడా కక్కేసింది. తల కదపకుండా కళ్ళు మాత్రం తిప్పి ఓరగా చూశాను. గోడ, ఒక కొక్కెం. కానీ మెడ మీద ఎవరో చల్లగా ఊదినట్టయింది. ఈ హాల్లో అబద్ధాన్ని పసిగట్టేదేదో ఉంది! గుమ్మడికాయ దొంగ అనకముందే అందరూ భుజాలు తడుముకుంటుంటే ఇంకేం రాస్తాం? "పద్ధతి అద్భుతం," అని రాయడం మొదలుపెట్టగానే దీపం వెలిగింది. దానికీ నచ్చిందన్నమాట.

మూడోది షారన్, నాకు తెలిసిన తెలుగావిడ, నర్సు మేరీ ఆంటీ కూతురు. ముగ్గురు కలిసి బస్ షెల్టరు మీద గీసిన బొమ్మ కేసు.

"మీసం ఒక్కటే నేను గీసింది," అంది. దీపం ఆరింది. "లేదు లేదు, మొత్తం నేనే!" అని ఏడ్చేసింది.

ఎనిమిది శనివారాలు ఒంటరిగా షెల్టరు కడగాలని తీర్పు. తన టీమ్ మ్యాచులన్నీ శనివారాలే.

వరండాలో ఆంటీ నిలదీస్తోంది. "ఇంట్లో మీసం ఒక్కటే అన్నావు కదే! మొత్తం నెత్తినేసుకున్నావేంటి?"

"మామ్, ఐ వాజ్ స్కేర్డ్! దేర్ వాజ్ సమ్‌థింగ్ ఇన్ ద కార్నర్. నో ఫేస్!"

నేను అదే టోపీతో వెనక నిలబడి, వణుకుతూ అడిగాను: "నీకూ కనబడిందా?"

షారన్ కెవ్వుమంది. "మామ్, దట్స్ ఇట్!"

ఆంటీ ప్రార్థన అందుకుని, సగంలో ఆపి, నా టోపీ లాగేసింది. "తేజా! నువ్వా? ఇదేనా నాయనా నీ చదువు?"

అప్పుడు వెలిగింది నాకు.

లోపలికెళ్ళి ప్యానెల్ పెద్ద, పదహారేళ్ళ నీవ్ అనే అమ్మాయి ముందు నిలబడ్డాను. "దెయ్యం నేనే. ఒప్పుకుంటున్నాను." ఆ రోజు దెయ్యం భయం లేకుండా నేరం ఒప్పుకున్నది నేనొక్కణ్ణే.

నీవ్ నన్ను ఎగాదిగా చూసి, "గ్రాండ్," అంది. అక్కడ 'సరే'కి అదే మాట. విచారణలన్నీ మళ్ళీ మొదటినుంచి. షారన్‌కి మీసం మేరకు ఒక్క శనివారం. పక్కన బ్రష్షు పట్టుకుని నేను.

ఆ షెల్టరు సాక్షిగా శపథం చేశాను: ఈ జన్మలో మళ్ళీ గోడగా మారను; కూర్చున్న ప్రతిచోటా కాళ్ళూపుతూనే ఉంటాను.

మరి ఆ దీపం? హాలు చూసుకునే పెద్దాయన్ని అడిగాను. కరెంటు ఆదాకి పెట్టిన సెన్సరట. కింద ఎవరూ కదలకపోతే అయిదు నిమిషాలకు ఆరిపోతుంది.