డ్రైవర్ చొక్కా

మార్చి పద్నాలుగు, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. సినిమా యూనిట్ దుస్తుల వ్యానులో కత్తెరక్క మూడు ఖాకీ చొక్కాలను ఇస్త్రీ చేస్తోంది. మూడూ ఒకే కొలత. షాటు చెడితే మళ్లీ తీయడానికి. ఇరవై ఏళ్లుగా రాజులకూ దొంగలకూ కుట్టిన మనిషి. చేతిలోని కత్తెర కన్నా నోరే పదునని యూనిట్‌లో ఆ పేరు స్థిరపడింది.

ఈ సినిమా నలభై ఏళ్ల కిందట నడివీధిలో జరిగిన ఒక నాయకుడి హత్య గురించి. ఆయనతోపాటు కారు డ్రైవరూ చనిపోయాడు. ఆ డ్రైవర్ కత్తెరక్క తండ్రి. యూనిట్‌లో ఎవరికీ ఆ సంగతి తెలియదు. నాన్న చొక్కా తానే కుట్టాలని ఈ పని అడిగి మరీ తీసుకుంది.

సహాయ దర్శకుడు వచ్చి చొక్కాల వీపు మీద సుద్దతో గుర్తులు పెట్టాడు.

"అక్కా, తూటాల సంచులు ఇక్కడ కుట్టెయ్."

"వీపు మీదెందుకు బాబూ?"

"పారిపోతూ చస్తాడుగా! కారు కావాలని ఆపింది వీడే. హాలంతా వీణ్ణి బూతులు తిట్టాలి."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. నాన్న చనిపోయాక ఇంటికి వచ్చిన ఆయన చొక్కాను తొమ్మిదో ఏట చూసింది. చిరుగు కనిపిస్తే చేతులు ఊరుకోని అమ్మ, జేబు దగ్గరి ఆ తూట్లను మాత్రం ముట్టుకోలేదు.

నేరుగా దర్శకుడి కుర్చీ ముందు నిలబడింది.

"ఆ డ్రైవర్ మా నాన్న. ఆయన పారిపోలేదు. నాయకుడికి అడ్డం నిలబడి పోయాడు."

దర్శకుడు టీ కప్పు కింద పెట్టాడు. "తెలుసమ్మా, రిపోర్టు చదివాను. కథకి ఒక ద్రోహి కావాలి కదా. పేరు మార్చేశాం, ఇంక మీకేం ఇబ్బంది?"

"పేరు మార్చారు. కారు మార్చలేదు, వీధి మార్చలేదు, చొక్కా మార్చలేదు. ఆయన చావొక్కటే మార్చారు! మా అమ్మ ఇంకా బతికే ఉంది. ఈ వీధిలోనే నడుస్తుంది. రేపట్నుంచి ఆవిణ్ణి ఏమంటారు?"

"మాస్టారూ, ఈవిడకి కాస్త చెప్పండి" అని అతడు కెమెరా వైపు తిరిగాడు.

దుస్తుల విభాగానికి పెద్ద అయిన టైలరు మాస్టారు ఆమెను వ్యాను దగ్గరికి లాక్కొచ్చాడు. "అమ్మాయ్, ఆయనతో పెట్టుకుంటే రేపు సూదిలో దారం ఎక్కించే పని కూడా దొరకదు. నోరు మూసుకుని కుట్టెయ్."

"కుడతాను మాస్టారూ. నా కుట్టుకి ఎప్పుడైనా వంక పెట్టారా?"

సినిమాలో తూటా దెబ్బ చొక్కా లోపలే పుడుతుంది. సంచిలో ఎర్రరంగు, చిన్న పేలుడు మందు బిళ్ల ఉంటాయి. మీట నొక్కితే పేలి గుడ్డను చీల్చుకుని వస్తాయి. మందు అమర్చేవాడికి కథతో పని లేదు. దర్జీ సంచి ఎక్కడ కుడితే అక్కడ పెట్టడమే అతని పద్ధతి. కత్తెరక్క వీపు మీది సుద్దను దులిపేసి, మూడు చొక్కాలకూ సంచులు జేబు దగ్గరే కుట్టింది.

"గుండె మీదేనా అక్కా?" అన్నాడతను.

"గుండె మీదే."

ఎనిమిది నలభైకి షాటు మొదలైంది. డ్రైవర్ వేషగాడు కారు దిగి, తుపాకులకు వీపు చూపి పరిగెత్తాడు. మీట నొక్కారు. వీపు ఇస్త్రీ మడత చెదరకుండా అలాగే ఉంది. పేలింది రొమ్ము. అదిరిపడ్డ నటుడు గిర్రున తుపాకుల వైపు తిరిగి, చేతులు చాచి కూలిపోయాడు.

"ఇంకో చొక్కా!" దర్శకుడు అరిచాడు. రెండోది తిప్పి చూశారు, మూడోదీ చూశారు. వాటికీ సంచులు రొమ్ము మీదే; విప్పి మళ్లీ కుట్టే వ్యవధి లేదు. ఆ వీధికి అనుమతి ఆ ఒక్క ఉదయం తొమ్మిది వరకే.

"సార్, మనకున్నది ఇప్పుడు తీసిన షాటొక్కటే" అన్నాడు కెమెరామన్.

"నిన్ను ఏ సెట్‌లోనూ అడుగు పెట్టనివ్వను!" దర్శకుడు వ్యాను దగ్గరికొచ్చి కత్తెరక్క మీద విరుచుకుపడ్డాడు.

"నన్ను గెంటెయ్యండి. ఆయన్ని మాత్రం పరిగెత్తించలేరు."

కత్తెర సంచిలో వేసుకుని ఆమె వ్యాను దిగింది. మాస్టారు కాలిన చొక్కాను బల్ల మీద బోర్లా పరిచాడు.

వీపున తూట్లు: 0.